నా పేరున్న సైలెన్సర్

కొన్నేళ్లుగా మా ఇంట్లో రహస్యమన్నది లేదు. నేను మా ఆయనతో ఏం మాట్లాడినా ముందు పక్కింటి బుచ్చమ్మకు వినిపిస్తుంది, తర్వాత గల్లీలో అందరికీ, ఆఖరికి మా ఆయనకు. మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. ఒకరోజు, "మీ చెల్లె పెట్టిన చీర రంగు పోతున్నది" అని ఆయనకు చెప్పాను. "ఏందీ?" అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ "ఏందీ?" అన్నాడు. ఇంకోసారి గొంతెత్తేసరికి గోడ అవతల నుంచి బుచ్చమ్మ, "చీర రంగు పోతున్నదంట అన్నా! ఉప్పునీళ్లల్ల నానబెట్టుమను" అంది. ఆ చీర పెట్టిన మా ఆడబిడ్డ సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని లోపలికి వస్తోంది.

మా ఆయన పేరు బ్రహ్మచారి. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో ఆయనకు సైలెన్సర్ల షెడ్డు ఉంది. ముందు షెడ్డు, వెనక మేముండే రెండు గదులు. మీసాలు రాకముందు నుంచీ బండ్ల నోళ్లు మూయించడమే ఆయన పని. ఆ బండ్లన్నీ కలిసి ఆయన చెవులు తినేశాయి. సన్న చప్పుళ్లు ముందు పోతాయని, లావు చప్పుళ్లు కొంతకాలం మిగులుతాయని డాక్టరు చెప్పాడు. అందుకే లారీ వస్తే ఆయనకు తెలుస్తుంది, నేను పిలిస్తే తెలియదు. అయినా ఒప్పుకోడు. "నా చెవులకేమైంది? మంచిగనే ఉన్నయ్. నువ్వే ఈ మధ్యల నోట్లె నోట్లె మాట్లాడుతున్నవ్" అంటాడు. నేనంట, నోట్లో నోట్లో మాట్లాడుతున్నానంట! సీతాఫల్‌మండిలో ఉండే మా బిడ్డ రజిత వాళ్ల నాన్నకు చెవి మిషన్ కొనిచ్చింది. ఆయన దాన్ని పెట్టెతో సహా నట్లూ బోల్టులూ వేసే డబ్బాలో పడేశాడు.

నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. మొగుడి చెవిలో మెల్లగా ఒక మాట చెప్పాలి, అది ఆయన ఒక్కడికే వినపడాలి. కాపురం చేసే ఏ ఆడదానికైనా ఆపాటి భాగ్యం ఉంటుంది. నాకు అది లేకుండా పోయింది. చెప్పాలనుకున్న మాటలన్నీ కడుపులో పేరుకుపోయి, అసలు నాకు మెల్లగా మాట్లాడటం వచ్చా రాదా అనే అనుమానం కూడా పట్టుకుంది.

ఆ ఎండాకాలం మొదట్లో మా షెడ్డుకు ఎర్ర కారు వచ్చింది. రెండే సీట్లు, ఎత్తు నా నడుము దాకా లేదు. అందులోంచి ఓ భారీ మనిషి ఒక్కొక్క కాలే బయటపెట్టి, తలుపు పట్టుకుని, ఆయాసపడుతూ లేచి నిలబడ్డాడు. పేరు ఉదయ్ భాస్కర్. భీమవరం నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో మిఠాయి దుకాణం పెట్టి బాగా స్థిరపడ్డ మనిషి. వస్తూ వస్తూ ఓ అట్టపెట్టె నిండా పూతరేకులు తెచ్చాడు. ఆ పెట్టె చూసి నేను పని మానుకుని అక్కడే నిలబడ్డాను.

"చిన్నప్పటి సరదా అండి చారి గారూ, ఇన్నాళ్లకి పాతది దొరికితే కొనుక్కున్నాను. సైలెన్సరు మొత్తం తుప్పు పట్టిపోయింది. కొత్తది ఎక్కడా దొరకట్లేదు. మీరే ఇంజను కాడి నుంచి తోక దాకా కొత్తగా చేసి పెట్టాలండి. పొద్దున్నే అపార్ట్‌మెంట్‌లోంచి బయల్దేరితే ఎవరికీ మెలకువ రాకూడదు. ఊరు దాటి కాలు నొక్కితే మాత్రం నా గుండె ఝల్లుమనాలి."

మా ఆయన ఆ మనిషి పెదాల వంకే చూస్తున్నాడు. ఉదయ్ భాస్కర్ గొంతు తగ్గించాడు.

"ఇంకో సంగతండి. చప్పుడెక్కువైందని అసోసియేషన్ వాళ్లు ఇంకొక్కసారి తలుపు కొడితే కారు అమ్మేయాల్సిందేనని మా ఆవిడ లీలాకుమారి ఒట్టేసి చెప్పిందండి. ఇది మన మధ్యే ఉండాలి."

మా ఆయన నా వైపు తిరిగాడు. నేను నా అలవాటు ప్రకారం అందుకున్నాను. "పొద్దుగాల సప్పుడు రావద్దంట! వస్తే ఇంటామె కారు అమ్మిపిస్తదంట! ఎవ్వరికి చెప్పొద్దంట!"

గోడ అవతల బుచ్చమ్మ కిసుక్కుమంది. టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు ఇటు తిరిగారు. ఉదయ్ భాస్కర్ ముఖం ఆయన కారు రంగులోకి వచ్చింది.

"చేస్తా సారు. జెర టైం ఇయ్యుండ్రి" అన్నాడు మా ఆయన. ఆ కారు కిందికి దూరి చూసిన తర్వాత ఆయన ముఖంలో వచ్చిన వెలుగు నేను చాలా రోజులకు చూశాను. ఆ మధ్య షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. వచ్చినవాళ్లు "మంచిగున్నది చారీ" అని పోతున్నారు, మళ్లీ రావడం లేదు. ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. ఆయనకు తెలియదు. మా ఆయనకు మీటర్లూ మిషన్లూ ఏమీ లేవు. బండి పక్కన నిలబడి, చప్పుడు విని, పైపు ఇంత కోయాలి, అంత కలపాలి అని తేల్చుకుంటాడు. చెవే ఆయన పనిముట్టు. ఆ పనిముట్టు అరిగిపోయిందని ఆయనకు ఎవరు చెప్తారు?

పని షురూ అయింది. ఇంజను నుంచి నాలుగు పైపులు బయలుదేరి, మెలికలు తిరిగి, ఒకే పొడవున వచ్చి ఒక్కదాంట్లో కలవాలట. ఇప్పుడు పైపులు వంచడానికి మిషన్లున్నాయి. మా ఆయన వాటిని నమ్మడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసిన మా మామగారు నేర్పిన పద్ధతే ఆయనది. పైపు నిండా ఎండు ఇసుక కూరి, రెండు పక్కలా కట్టె బిరడాలు బిగించి, ఎర్రగా కాల్చి, మెల్లగా వంచుతాడు. లోపల ఇసుక ఉంటే పైపు నొక్కుకుపోదు. ఇసుకలో తడి ఉంటే మాత్రం ఆవిరి పుట్టి బిరడా తుపాకీ గుండులా లేస్తుంది. అందుకని ఇసుకను బాగా ఎండబెట్టాలి. ఎక్కడ? నేను వడియాలు పెట్టుకునే చాప మీద! ఆ ఏడు మా ఇంట్లో వడియాలు లేవు. డాబా మీద ఇసుక ఎండుతుంటే, అది నూకలనుకుని పావురాలు వచ్చి మోసపోయి వెళ్లాయి.

దాన్ని భరించాను. డబ్బా సంగతి మాత్రం భరించలేకపోయాను.

ఒకరోజు మధ్యాహ్నం పప్పు కడుగుదామని వంటింట్లోకి వెళ్తే కందిపప్పంతా పేపరు మీద కుప్పగా పోసి ఉంది. డబ్బా లేదు. అది మామూలు డబ్బా కాదు. నా పెళ్లికి మా మేనమామ పద్మనాభం పెట్టిన స్టీలు డబ్బా. మందంగా, నిటారుగా, కిందపడ్డా సొట్టపడని రకం. గిన్నెల కొట్టులో చుక్కలు చుక్కలుగా చెక్కించిన అక్షరాలు దాని మీద ఉన్నాయి: "విజయమ్మ పెండ్లికి మేనమామ కానుక." నేను షెడ్డులోకి పరుగెత్తేసరికి డబ్బాకు అడుగు లేదు. మా ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని అంచులు రాస్తున్నాడు.

"ఏం పాడు బుద్ధి పుట్టిందయ్యా నీకు! నా పెండ్లి డబ్బా కోస్తవా?"

ఈసారి ఒక్క పిలుపుకే వినపడింది.

"బజార్ల దొరికే రేకు పల్చగున్నది విజయా, గణగణమంటది. గిసుంటి స్టీలు ఇప్పుడు వస్తలేదు. సైలెన్సర్‌కు సరిగ్గ సరిపోయింది" అన్నాడు, నేను సంతోషించాల్సిన విషయం చెప్తున్నట్టు.

"నా పేరున్నది దాని మీద!"

"పేరు చెరుపలే. పైకే పెట్టిన, చూడు."

నిజంగానే అక్షరాల మీద గీత కూడా పడకుండా కోశాడు. కోపం తగ్గలేదు కానీ, తిట్టడానికి కొత్త మాట దొరకలేదు. రెండు రోజులు పప్పు వండకుండా పచ్చిపులుసే పోశాను. ఆయన మారుమాట్లాడకుండా తిన్నాడు.

మామిడికాయలు బజారు నిండా వచ్చేనాటికి పైపులన్నీ కారుకు ఎక్కాయి. వెనక బంపరు కింద అడ్డంగా నా డబ్బా. లోపల చిల్లుల పైపు, దాని చుట్టూ చప్పుడు పీల్చే గాజు ఊలు, డబ్బాను రెండు అరలుగా చేసే రేకు బిళ్ల. ఉదయ్ భాస్కర్ కాజాలు పట్టుకుని వచ్చాడు. మా ఆయన కొబ్బరికాయ కొట్టి, స్టార్ట్ చేయమని చేయి ఊపాడు.

అమ్మో, ఆ చప్పుడు! కింద లావుగా ఏదో డబడబ ఉన్న మాట నిజమే. దాని మీద ఒక కీచు, రంపంతో రేకు కోసినట్టు. నా పళ్లు జివ్వుమన్నాయి. గల్లీలో కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. బుచ్చమ్మ ఆరేస్తున్న బట్ట అక్కడే వదిలేసి లోపలికి పోయి తలుపేసుకుంది.

మా ఆయన కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు. ఆయనకు డబడబ ఒక్కటే వినిపిస్తోంది. "ఎట్లున్నది సారు?" అన్నాడు గర్వంగా.

ఉదయ్ భాస్కర్ ఇంజను ఆపి, కారులోనే కూర్చుని మా ఆయన ముఖంలోకి చూశాడు. "బాగుందండి చారి గారూ... చాలా బాగుంది" అన్నాడు. ఆయన చేతులు స్టీరింగ్‌ను పట్టుకున్న తీరు చూస్తే, అప్పుడే కారుతో వీడ్కోలు చెప్పుకుంటున్నాడని అర్థమైంది. మా ఆయనను నొప్పించలేక అంత ముచ్చటపడి కొన్న కారును వదులుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు.  మిగతా వాళ్లంతా ఇట్లాగే "బాగుంది" అని వెళ్లిపోయినవాళ్లే.

గల్లీ అదిరేలా అరిచే గొంతు నాది. చీర రంగు గురించి అరిచాను, పరాయి వాళ్ల గుట్టు గురించి అరిచాను. ఈ ఒక్క మాట మాత్రం అరవలేకపోయాను. ఆయనకు వినపడేలా చెప్పాలంటే కార్ఖానా అంతటికీ వినపడాలి. బ్రహ్మచారి పని పాడైందని నా నోటితో ఊరికి చెప్పాలి. చెప్పలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"మల్ల ఒకసారి స్టార్ట్ చెయ్యుండ్రి" అన్నాడు మా ఆయన.

మళ్లీ ఆ కీచు మొదలైంది. ఆయన వంగి, తడి గుడ్డ చుట్టిన అరచేతిని డబ్బా మీద ఆనించాడు. అది ఆయన ఎప్పుడూ చేసే పనే. కానీ ఈసారి చెయ్యి అక్కడే ఉంచేశాడు. ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. గుడ్డ సర్దుకుని ఇంకోచోట ఆనించాడు. తల వంచి చెవి డబ్బా దగ్గరకు పెట్టాడు. మళ్లీ చేతి వంక చూసుకున్నాడు. తర్వాత లేచి నా దగ్గరకు వచ్చాడు.

"విజయా, చెయ్యికి సన్నగ జివ్వుమంటున్నది. గట్ల జివ్వుమంటే కీచు ఉండాలె. నాకు ఇనబడుతలేదు. నీకు ఇనబడుతున్నదా?"

నేను అరవలేదు. తల ఊపాను.

 ఆయన ఇంజను ఆపమన్నట్టు ఉదయ్ భాస్కర్‌కు చేయి చూపించి, "కారు ఈడనే ఉండనియ్యుండ్రి సారు. పని కాలే" అన్నాడు. లోపలికి వెళ్లి నేను కూరగాయలు కోసుకునేటప్పుడు కూర్చునే స్టూలు తెచ్చి కారు వెనక వేశాడు. కొంగుతో కళ్లు తుడుచుకుని దాని మీద కూర్చున్నాను.

అట్లా నేను సైలెన్సర్ల పనిలోకి దిగాను. పొద్దున వంట కాగానే స్టూలెక్కేదాన్ని. ఆయన ఇంజను స్టార్ట్ చేసేవాడు, నేను విని చెప్పేదాన్ని. మొదట్లో ఏం చెప్పాలో తెలియలేదు. "పాడుగున్నది" అంటే "ఎట్ల పాడుగున్నది?" అని విసుక్కునేవాడు. ఇక నాకు తెలిసిన భాషలో మొదలుపెట్టాను.

"గిన్నె మీద మూత కదిలినట్టున్నది!"

ఆయన డబ్బా విప్పాడు. లోపలి రేకు బిళ్ల ఒకచోట అతుకు వదిలింది.

"కుక్కర్ రబ్బరు పోయినట్టు సుయ్యిమంటున్నది!"

నాలుగు పైపులు కలిసే చోట సూదిమొన అంత సందు దొరికింది.

"ఇప్పుడు పోపు మాడుతున్నది! ఇంత సేపు లేదు, నువ్వు ఎక్కువ ఒత్తినంక వచ్చింది!"

దానికి మాత్రం ఆయన చాలా రోజులు తల పట్టుకున్నాడు. చివరికి నడిమధ్యన ఇంకో చిన్న డబ్బా పెట్టాలని తేల్చాడు. చెప్పి వంటింటి వైపు చూశాడు. "నా చాయ్‌పత్త డబ్బా ముట్టినవంటే చేతులిరుగుతయ్" అన్నాను. అది కూడా ఒక్క పిలుపుకే వినపడింది. ఈసారి బజారుకే వెళ్లాడు.

మధ్యలో మేం పోట్లాడుకోలేదని కాదు. ఆయన నాకు వినడం రాదన్నాడు, నేను ఆయనకు చేయడం రాదన్నాను, గోడ అవతల నుంచి బుచ్చమ్మ "ఇంక జెర కీచున్నది అన్నా" అని నా పక్షాన సాక్ష్యం చెప్పింది. ఇసుక ఎండబెట్టే చాప మీద ఇద్దరం కూర్చుని తునికి పండ్లు తిన్నాం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పని ఏమిటో నేను అంత దగ్గరగా చూసింది అప్పుడే. నాకు భలే నచ్చింది.

మొదటి వాన పడ్డ మర్నాడు ఉదయ్ భాస్కర్ తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. లీలాకుమారి సన్నగా, చురుగ్గా ఉంది. ఎవరి మాటా నమ్మే మనిషిలా లేదు.

"ఈయన బాగుందంటే నేను నమ్మనండి. చెయ్యి కాలినా బాగుందనే అంటారు. నేను మీ వెనక గదిలో మంచం మీద పడుకుంటాను. స్టార్ట్ చేసి బయటికి తీసుకెళ్లండి. నాకు మెలకువ వస్తే కారు అమ్మేస్తాం" అంది.

ఆమె నిజంగానే వెళ్లి పడుకుంది. ఉదయ్ భాస్కర్ దేవుడికి దండం పెట్టి ఇంజను స్టార్ట్ చేశాడు. మెత్తగా, గొంతులో గొంతులో ఏదో చెప్పుకుంటున్నట్టు ఒక చప్పుడు వచ్చింది, అంతే. కారు గేటు దాటింది, మలుపు తిరిగింది. నేను గదిలోకి వెళ్లాను. లీలాకుమారి చేతులు కట్టుకుని కళ్లు మూసుకునే ఉంది.

"ఎంతసేపండీ? స్టార్ట్ చేయరా?" అంది.

"పోయింది అమ్మా. మెయిన్ రోడ్డు సుత ఎక్కింది" అన్నాను.

ఆమె లేచి బయటికి వచ్చి, ఖాళీ షెడ్డును చూసి నవ్వేసింది. కాసేపటికి దూరంగా, రోడ్డు మీద కాలు నొక్కినట్టున్నాడు, లావుగా ఒక ఉరుము వినిపించింది. కీచు లేదు, సుయ్యి లేదు, పోపు మాడలేదు. నా ఒళ్లు ఝల్లుమంది. తిరిగొచ్చిన ఉదయ్ భాస్కర్ కారులోంచి దిగలేక దిగి, కళ్లలో నీళ్లతో మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఈసారి ఆయన "బాగుంది" అనలేదు. 

లీలాకుమారి కారు వెనక్కి వెళ్లి వంగి చూసింది. వేడికి స్టీలు బంగారు రంగు తిరిగి, చుక్కల అక్షరాలు మెరుస్తున్నాయి. "ఏవండీ, ఎవరీ విజయమ్మ? మీ కారు వెనక ఆవిడ పేరెందుకుంది?" అంది. ఉదయ్ భాస్కర్ తడబడ్డాడు. అందరం పడీ పడీ నవ్వాం.

మా ఆయన ఒక్కడే నవ్వలేదు. కారు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. దగ్గరకు వెళ్లాను.

"అందరు ఇన్నరు. చేసిన నేను ఇనలే" అన్నాడు.

లోపలికి వెళ్లి నట్లూ బోల్టుల డబ్బా తెచ్చి నేల మీద బోర్లించాడు. నేనేదో బోల్టు వదులైందనుకున్నాను. ఆ కుప్పలోంచి గ్రీజు మరకలు పడ్డ చిన్న పెట్టె తీసి, గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు. "రజితకు ఫోన్ చెయ్యి. దీంట్ల సెల్లు ఎట్ల ఏస్తరో అడుగు" అన్నాడు. రజిత ఫోన్‌లో చెప్తుంటే, లీలాకుమారి సెల్లు వేసింది, నేను ఆయన చెవికి తొడిగాను. ఆయన ముఖం చిట్లించాడు, తల విదిలించాడు, గోడ మీది కాకి వంక అనుమానంగా చూశాడు.

ఉదయ్ భాస్కర్ ఇంజను స్టార్ట్ చేశాడు. మా ఆయన నా స్టూలు మీద కూర్చున్నాడు.  కాలు కొంచెం నొక్కమని వేలు చూపించాడు, ఇంకొంచెం అన్నాడు, చాలన్నాడు.  "మంచిగనే చేసిన" అన్నాడు తనలో తాను. నాకు ఏడుపొచ్చింది, సంతోషంగా ఏడ్చాను.

వాళ్లు వెళ్లిపోయాక మధ్యాహ్నం కంచం పెట్టి పిలిచాను. "అన్నం తింటవా!"

ఆయన స్టూలు మీది నుంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. "గంత గట్టిగ ఎందుకు అరుస్తున్నవ్? నేనేమన్న చెవిటోన్నా?"

గోడ అవతల బుచ్చమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. వంగి మెల్లగా చెప్పబోతే మొదటిసారి గొంతు లేచిపోయింది. అలవాటు తప్పింది మరి. గొంతు సవరించుకుని, కొంగు అడ్డం పెట్టుకుని, ఆయన చెవిలో ఒక్క మాట చెప్పాను. ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి నా వైపు చూశాడు. చెంపలు ఎర్రబడ్డాయి. ఈ వయసులో!

"ఏమన్నవ్ వదినా? నాకు ఇనబడలే!" అంది బుచ్చమ్మ గోడ మీదికి వంగి.

ఏం చెప్పానో మీకూ తెలుసుకోవాలని ఉందేమో. బుచ్చమ్మకే చెప్పలేదు, మీకు చెప్తానా?